కొత్త బాడీ కొనేముందు పాతదాని లెక్క తేల్చండి

మీ దగ్గర ఒక పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. బాబాయి స్టూడియో ఎత్తేస్తూ మీ చేతిలో పెట్టిందో, కాకినాడలో సెకండ్ హ్యాండ్‌లో దొరికిందో. దాంతో నాలుగు బారసాలలు, రెండు ఓణీల ఫంక్షన్లు, ఒక పెళ్ళి తీశారు. డబ్బులూ వచ్చాయి. ఇంతలో మీతోపాటే పని నేర్చుకున్న కుర్రాడు కొత్త కెమెరా కొన్నాడు. అతని ఫోటోలు స్టేటస్‌లో చూసినప్పటి నుంచి మీ కెమెరా మీద మీకు మనసు విరిగిపోయింది. ఫైనాన్స్‌లో తీసుకుందామా? అమ్మ గాజులు బ్యాంకులో పెడదామా? దాళ్వా డబ్బులు చేతికొచ్చేదాకా ఆగుదామా?

కొత్తది కొనాల్సినవాళ్ళు తప్పకుండా కొనాలి. అంతకంటే ముందు, చేతిలో ఉన్న కెమెరా ఎక్కడ చాలట్లేదో మీకు కచ్చితంగా తెలియాలి. "క్లారిటీ రావట్లేదండి" అనడంతో సరిపోదు. క్లారిటీ రాకపోవడానికి ఐదారు కారణాలుంటాయి. వాటిలో బాడీ మారిస్తే పోయేవి ఒకటో రెండో. మిగతావి లక్ష రూపాయలు పెట్టినా మీతోపాటే కొత్త కెమెరాలోకి వచ్చేస్తాయి.

పోలిక సులువుగా ఉండాలని ఒకే కంపెనీవి రెండు బాడీలు తీసుకుందాం. పాతది నికాన్ డీ90, 2008లో వచ్చింది. కొత్తది నికాన్ డీ7500, 2017లో వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్ళు. డీ90కి చరిత్రలో చోటుంది: వీడియో తీసిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ అదే. కాగితం మీద చూస్తే కొత్తదాని ముందు అది నిలవదు. 12.3 మెగాపిక్సెళ్ళకు 20.9. సెకనుకు నాలుగున్నర ఫ్రేములకు ఎనిమిది. పదకొండు ఫోకస్ పాయింట్లకు యాభై ఒకటి. 720 వీడియోకు 4కే. మీది కెనాన్ అయినా ఫరవాలేదు, లెక్క వేసే పద్ధతి ఒకటే.

ఈ అంకెల్లో మీ పనికొచ్చేవి ఎన్ని? అది కంపెనీ బ్రోచర్ చెప్పదు, మీ హార్డ్ డిస్క్ చెబుతుంది.

1. చెడిపోయిన ఫోటోలతో మొదలుపెట్టండి

అందరూ బాగా వచ్చిన ఫోటోలు చూసుకుంటారు. మీరు ఈ ఒక్కసారి చెడినవి చూడండి. ఈమధ్య తీసిన రెండు ఫంక్షన్ల ఫోల్డర్లు తెరిచి, పార్టీకి ఇవ్వకుండా పక్కన పడేసినవన్నీ ఒకచోట చేర్చండి. వాటిని నాలుగు కట్టలుగా విడదీయండి.

మొదటి కట్ట: చీకటిగా వచ్చినవి, గింజలు గింజలుగా నాయిస్ పట్టినవి. రెండో కట్ట: కదిలిపోయినవి. మూడో కట్ట: ఫోకస్ ముఖం మీద పడకుండా వెనకున్న పూలదండ మీదో పక్కనున్న పిన్నిగారి మీదో పడినవి. నాలుగో కట్ట: దూరం నుంచి తీసి, క్రాప్ చేస్తే పగిలిపోయినవి.

ఇప్పుడు ఏ కట్ట పెద్దదో చూడండి. ఒకటీ రెండూ పెద్దవైతే మీ సమస్య వెలుతురు. దానికి మొదటి మందు లెన్స్, రెండోది ఫ్లాష్, మూడోది బాడీ. నాలుగోది పెద్దదైతే మీకు పొడవాటి లెన్స్ కావాలి, లేదా రెండడుగులు ముందుకు వెళ్ళే ధైర్యం కావాలి. మూడో కట్ట పెద్దదైతేనే కొత్త బాడీ మాట గట్టిగా ఆలోచించాలి. అదీ ఒక పరీక్ష పెట్టాకే: కెమెరాను ఆటో ఏరియా ఫోకస్‌లో వదిలేసి తీశారా, లేక మధ్య పాయింటు ఒక్కటే ఎంచుకుని కంటి మీద పెట్టి తీశారా? ఆటోలో వదిలేసి ఉంటే రాబోయే ఫంక్షన్‌లో ఒకే పాయింటుతో తీసి, మళ్ళీ కట్టలు కట్టి చూడండి. చాలామందికి మూడో కట్ట అక్కడే సగానికి సగం తగ్గిపోతుంది.

2. మెగాపిక్సెళ్ళను ఆల్బమ్ మీద కొలవండి

"పన్నెండేనా అన్నయ్యా? నా ఫోన్‌కే యాభై ఉన్నాయి" అని తమ్ముడు అంటాడు. ఆ మాటకు కుంగిపోకండి, లెక్క వేయండి.

డీ90 ఫోటో 4288 పిక్సెళ్ళ పొడవు, 2848 వెడల్పు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేస్తే పద్నాలుగు అంగుళాలు దాటుతుంది, వెడల్పు తొమ్మిదిన్నర. డీ7500 ఫోటో 5568కి 3712. అదే లెక్కలో పద్దెనిమిదిన్నరకు పన్నెండు. అంటే పన్నెండు పద్దెనిమిది సైజు ప్రింటును కొత్తది నిండుగా ఇస్తుంది. పాతది అదే సైజుకి అంగుళానికి 240 చుక్కల దాకా దిగుతుంది. చేతిలో పట్టుకుని చూసేవాళ్ళకు ఆ తేడా దొరకడం కష్టం. గోడకు తగిలిస్తే అసలు దొరకదు.

మన పెళ్ళిళ్ళలో కరిజ్మా ఆల్బమ్ పన్నెండు ముప్ఫైఆరు వేస్తున్నారు కదా, దానికి చాలదేమో అంటారా? ఆ షీటు నిండా ఒకే ఫోటో పెట్టేది ఏ రెండు పేజీల్లోనో. మిగతా అన్నిట్లో డిజైనర్ నాలుగైదు ఫోటోలు సర్దుతాడు. వాటికి పన్నెండు మెగాపిక్సెళ్ళు ధారాళంగా సరిపోతాయి. మీకు ఎక్కువ మెగాపిక్సెళ్ళు నిజంగా పనికొచ్చేది గట్టిగా క్రాప్ చేసేటప్పుడు. పక్షులు తీసేవాళ్ళకు అది ప్రాణం. బారసాల తీసేవాళ్ళకు అంత అవసరం రాదు.

3. రెండు బాడీలకూ ఒకే లెన్స్ పెట్టండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. స్నేహితుడి కొత్త కెమెరాకు ఖరీదైన లెన్స్ ఉంటుంది. మీ పాతదానికి 18-55 కిట్ లెన్స్. రెంటితో తలా ఒక ఫోటో తీసి "చూశావా తేడా" అంటారు. చూసింది లెన్సుల తేడా. పేరు మాత్రం బాడీకి వస్తుంది.

ఈ లెక్క కాస్త నిదానంగా చూద్దాం, మీ డబ్బంతా దీని మీదే ఆధారపడి ఉంది. డీఎక్స్‌ఓ మార్క్ అనే సంస్థ కెమెరా సెన్సర్లను ల్యాబ్‌లో పెట్టి కొలుస్తుంది. తక్కువ వెలుతురులో ఏ ఐఎస్‌ఓ దాకా నాణ్యత నిలుస్తుందో ఒక అంకె ఇస్తుంది. డీ90కి ఇచ్చింది 977. డీ7500కి 1483. తొమ్మిదేళ్ళలో వచ్చిన లాభం ఒకటిన్నర రెట్లు, స్టాపుల్లో చెప్పాలంటే సగానికి కాస్త ఎక్కువ. కెమెరా వెనక స్క్రీన్ మీద కొత్తదాని ఫోటో ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది. దానికి కారణం చాలావరకు లోపల జరిగే జేపెగ్ ప్రాసెసింగ్. మీరు రా ఫైల్ తీసి కంప్యూటర్లో నాయిస్ తగ్గించుకుంటే పాతదానికీ ఆ లాభంలో పెద్ద వాటా దక్కుతుంది.

ఇప్పుడు లెన్స్ వైపు చూడండి. కిట్ లెన్స్ జూమ్ చేశాక ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్/1.8 ఉన్న 35 లేదా 50 ప్రైమ్ పెడితే సెన్సర్ మీద పడే వెలుతురు దాదాపు పది రెట్లు. బాడీ మారిస్తే ఒకటిన్నర రెట్లు, లెన్స్ మారిస్తే పది రెట్లు! ఖర్చు మాత్రం తలకిందులుగా ఉంటుంది: బాడీకి పెట్టే దాంట్లో చిన్న భాగంతో ప్రైమ్ లెన్స్ వచ్చేస్తుంది.

పెళ్ళిలో ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. రాత్రి ముహూర్తం. పందిట్లో పసుపు బల్బులు, ఒక మూల వీడియో లైటు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. కిట్ లెన్స్‌తో, సెకనులో 125వ వంతు స్పీడుతో తీయాలంటే ఐఎస్‌ఓ 6400 అడిగిందనుకోండి. డీ90 మామూలుగా వెళ్ళేదే 3200 దాకా. కాబట్టి స్పీడు తగ్గిస్తారు, చేతులు కదులుతాయి, ఫోటో పోతుంది. అదే చోట ప్రైమ్ పెట్టి ఎఫ్/2లో తీస్తే ఐఎస్‌ఓ 800 చాలు. పాత కెమెరాకు 800 హాయిగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. అంత తెరిచి తీస్తే ఫోకస్ పొర చాలా పలచన. పెళ్ళికొడుకు కంటి మీద ఫోకస్ పెడితే, అరడుగు వెనకున్న పెళ్ళికూతురి ముఖం మెత్తబడుతుంది. ఇద్దరూ కావాల్సినప్పుడు ఎఫ్/2.8కి రండి, ఐఎస్‌ఓ 1600కి ఎక్కించండి. అప్పటికీ కిట్ లెన్స్ కంటే రెండు స్టాపులు మీకే లాభం. మన పందిళ్ళలో జనం మీద పడుతుంటారు, వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకని డీ90, డీ7500 లాంటి చిన్న సెన్సర్ బాడీలకు మొదటి ప్రైమ్‌గా 50 కంటే 35 మేలు.

లెన్స్ కొనేటప్పుడు మోటారు సంగతి మర్చిపోకండి. నికాన్‌లో పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఫోకస్ మోటారు ఉండదు, బాడీలో ఉండాలి. డీ90కీ డీ7500కీ ఆ మోటారు ఉంది. డీ3000, డీ5000 వరస బాడీలకు లేదు. ఆ వరసలో బాడీ కొని, చవగ్గా దొరికిందని 50 ఎఫ్/1.8డీ తెచ్చుకున్నవాళ్ళు చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే.

4. మూడు చోట్ల, మూడు వేళల్లో తీయండి

ఇంట్లో గోడ మీద క్యాలెండర్‌ను ఫోటో తీసి కెమెరాలు పోల్చకండి. పిఠాపురంలో ఉన్నవాళ్ళకు కెమెరా శక్తి తేల్చే చోట్లు చేతికందేంత దూరంలో ఉన్నాయి. స్నేహితుణ్ణి బతిమాలో, అద్దెకు తెచ్చో కొత్త బాడీని ఒక్క రోజు దగ్గర పెట్టుకోండి. రెంటికీ రా ఫైల్, మాన్యువల్ మోడ్, ఒకే వైట్ బ్యాలెన్స్ పెట్టండి.

తెల్లవారుజామున ఉప్పాడ వెళ్ళండి. ఆకాశం వెలుగుతుంటుంది, ఒడ్డున పడవలు ఇంకా నల్లగా ఉంటాయి. ఆకాశం తెల్లబడిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టి రెంటితోనూ తీయండి. ఇంటికొచ్చాక కంప్యూటర్లో పడవ నీడల్ని పైకి లాగండి. కొత్త బాడీ విలువ ఇక్కడ మీ కళ్ళకు కడుతుంది. డీ90 నీడల్లో రంగు మచ్చలు తేలతాయి. డీ7500లో పడవ పక్క చెక్కల గీతలు, వల ముడులు శుభ్రంగా బయటికొస్తాయి. డీఎక్స్‌ఓ మార్క్ కొలతల్లో వెలుగునీడలను పట్టే శక్తి పాతదానికి పన్నెండున్నర స్టాపులు, కొత్తదానికి పద్నాలుగు. మీరు ఎక్కువగా ప్రకృతి దృశ్యాలు, సూర్యోదయాలు తీసేవారైతే ఈ ఒక్క కారణం చాలు కొనడానికి.

పొద్దెక్కాక అదే ఉప్పాడలో తెలిసినవాళ్ళ మగ్గం దగ్గరికి వెళ్ళండి, ఇంటివాళ్ళను అడిగి తీయండి. జాందానీ చీర కెమెరాకు గట్టి పరీక్ష. బుటా రెండు వైపులా ఒకేలా కనిపించేలా పడుగు మధ్య నుంచి జరీ పోగును చేత్తో తిప్పి నేస్తారు. వెలుతురు ఒక్క కిటికీలోంచే వస్తుంది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్‌ఓ 200, ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్ పెట్టి బుటాను దగ్గరగా తీయండి. స్పీడు అర సెకను వచ్చినా భయం లేదు, చీర కదలదు. రెండు ఫోటోలనూ ఎనిమిది పన్నెండు సైజులో ప్రింటు వేయించి నేసినవాళ్ళకే చూపించండి, ఏది దేంతో తీశారో చెప్పకుండా. ఏది ఏదో వాళ్ళు చెప్పలేరు. వాళ్ళు పట్టుకునేది రంగు: "మా చీర ఈ ఎరుపు కాదండి" అంటారు. ఆ తప్పు వైట్ బ్యాలెన్స్‌ది. తెల్ల కాగితం పెట్టి సరిచేసుకుంటే రెండు కెమెరాల్లోనూ పోతుంది.

ఇప్పుడు ట్రైపాడ్ తీసేసి, నేసే చేతిని తీయండి. వేళ్ళ కదలిక ఆగాలంటే సెకనులో 250వ వంతు కావాలి. లెన్స్ బాగా తెరిచినా ఐఎస్‌ఓ 3200కి పోతుంది. పాత కెమెరాలో జరీ మెరుపు గింజల్లో కలిసిపోతుంది, కొత్తది ఇంకా పట్టుకుని ఉంటుంది. ఒకే గదిలో, ఒకే మగ్గం ముందు, కదలని చీరకు కొత్త కెమెరా అక్కర్లేదు, కదిలే చేతికి కావాలి. మీ పని ఈ రెంట్లో దేనికి దగ్గర?

మూడోది సాయంత్రం. పాదగయ పుష్కరిణి దగ్గర దీపాలు పెట్టే వేళ, అనుమతి ఉన్నచోట నిలబడి, నడిచి వస్తున్న మనుషుల్ని తీయండి. మసక వెలుతురులో ఎదురుగా వచ్చే మనిషి ముఖం మీద ఫోకస్ ఎన్నిసార్లు తగిలిందో రెండు కెమెరాల్లోనూ లెక్కపెట్టండి. నా మట్టుకు, పాత బాడీకీ కొత్త బాడీకీ అసలు తేడా మెగాపిక్సెళ్ళలో కంటే ఈ లెక్కలోనే ఎక్కువ. తలంబ్రాల వేళ, ఊరేగింపులో, పరిగెత్తే పసివాడి వెనకాల ఈ తేడాయే మీకు కూలి గిట్టుబాటు చేస్తుంది.

5. పోల్చేటప్పుడు ఈ పొరపాట్లు చేయకండి

వాట్సాప్‌లో పంపించుకుని పోల్చకండి. అది ఫోటోను నలిపేస్తుంది. కెమెరా వెనక స్క్రీన్ మీద పోల్చకండి, స్క్రీన్లే వేరు.

కంప్యూటర్లో పూర్తి జూమ్ చేసి పక్కపక్కన పెట్టినా మోసమే. ఇరవై మెగాపిక్సెళ్ళ ఫోటోను అంత జూమ్‌లో చూస్తే పన్నెండుదాని కంటే పెద్దదిగా కనిపిస్తుంది, నాయిస్ కూడా పెద్దదిగా కనిపిస్తుంది. రెంటినీ ఒకే సైజు ప్రింటుకి తెచ్చి చూడాలి. ప్రింటుకయ్యే ఖర్చు దగ్గర వెనకాడకండి. లక్ష ఖర్చుపెట్టే ముందు రెండు ప్రింట్లు వేయించుకోవడం పెద్ద విషయం కాదు.

పాత కెమెరాకు స్నానం చేయించకుండా పోటీకి దింపకండి. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో తీస్తే సెన్సర్ మీద దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది. పని తెలిసిన మనిషి దగ్గర శుభ్రం చేయించండి. లెన్స్ ముందు అద్దం మీద వేలిముద్రల జిడ్డు తుడవండి. "కెమెరా పాతబడి మసకగా వస్తోంది" అన్నవాళ్ళ లెన్సులు చాలాసార్లు తుడిస్తే బాగుపడేవే.

కార్డు సంగతి కూడా చూసుకోండి. డీ90 తీసుకునేది 32 జీబీ దాకా ఉన్న ఎస్‌డీహెచ్‌సీ కార్డులే. 64 జీబీ కార్డు పెట్టి, చదవట్లేదని కెమెరాను తప్పుపట్టకండి.

6. వీడియో తీస్తారా? అయితే చర్చ ఇక్కడితో ముగిసింది

డీ90 వీడియో 720లోనే వస్తుంది. ఒక క్లిప్ ఐదు నిమిషాలు దాటదు. తీస్తుండగా ఆటోఫోకస్ పనిచేయదు. 2008లో అది అద్భుతం. ఇవాళ పెళ్ళివారికి రీల్స్ కావాలి, టీజర్ కావాలి. ఫంక్షన్లకు వీడియో ఒప్పుకునేవాళ్ళు పాత బాడీతో నెట్టుకురాకండి, మాట పోతుంది.

అలాగని పాతవన్నీ వీడియోకి పనికిరానివని కాదు. 2011లో రామ్‌గోపాల్ వర్మ "దొంగల ముఠా" సినిమాను కెనాన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో తీశారు. మాన్యువల్ ఫోకస్ తెలిసినవాళ్ళకు, ప్రతి షాటూ ముందే అనుకుని తీసేవాళ్ళకు ఆ తరం కెమెరాలు ఈనాటికీ పనిచేస్తాయి. పెళ్ళిలో షాటు మనం అనుకున్నట్టు జరగదు, ఆగమంటే ఆగదు.

7. సంవత్సరాన్ని చూసి మోసపోకండి

కొత్తగా వచ్చినదల్లా గొప్పది అనుకుంటే నష్టపోతారు. కెనాన్‌లో ఒక జోడీ చూడండి. 70డీ 2013లో వచ్చింది. 1500డీ 2018లో వచ్చింది. 1500డీకి మెగాపిక్సెళ్ళు ఎక్కువ, 24. కానీ సెకనుకు మూడే ఫ్రేములు, తొమ్మిదే ఫోకస్ పాయింట్లు, టచ్ స్క్రీన్ లేదు. ఐదేళ్ళు పాతదైన 70డీ సెకనుకు ఏడు ఫ్రేములు తీస్తుంది, పంతొమ్మిది క్రాస్ పాయింట్లు ఉన్నాయి. వీడియోలో ముఖాన్ని మెత్తగా పట్టుకునే డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ మొదటిసారి వచ్చింది అందులోనే. పెట్టె విప్పని 1500డీకీ, బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ 70డీకీ మధ్య ఎంచుకోమంటే, ఫంక్షన్లు తీసేవాళ్ళకు నేను 70డీయే చెబుతాను. ఎంట్రీ లెవెల్ కొత్తది కంటే పై తరగతి పాతది చాలాసార్లు మేలు.

ఇంకో నిజం కూడా తెలుసుకుని దిగండి. డీఎస్‌ఎల్‌ఆర్ కాలం దాదాపు గడిచిపోయింది. నికాన్, కెనాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు, మిర్రర్‌లెస్ వైపు తిరిగాయి. దీనివల్ల మీకు ఒక మేలు, ఒక కీడు. మంచి లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకు వస్తున్నాయి. కానీ రేపు మిర్రర్‌లెస్‌కి మారాలనుకుంటే నికాన్ ఏఎఫ్-డీ లెన్సులు కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ కావు, లోపలే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులు అవుతాయి. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తాయి. లెన్స్ మీద పెట్టే డబ్బు ఈ లెక్కతో పెట్టండి.

8. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే చేత్తో, టార్చ్‌తో చూడండి

రాజమండ్రిలో కొన్నా, ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర కొన్నా మొహమాటపడకండి.

మొదట షట్టర్ కౌంట్. నికాన్ అయితే అప్పటికప్పుడు ఒక ఫోటో తీసి, ఆ ఫైల్ వివరాల్లో ఎన్నోదో చూడొచ్చు. డీ90 షట్టర్‌ను లక్ష క్లిక్కులకు, డీ7500ను లక్షా యాభై వేలకు పరీక్షించారు. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, ధర మాట్లాడేటప్పుడు అది మీ చేతిలో ఉండాలి.

లెన్స్ తీసి, వెనక నుంచి సెల్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడులా, సన్నని వేళ్ళలా తెల్లగా కనిపిస్తే ఫంగస్. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ప్రతి ఫోకస్ పాయింటుతోనూ ఒక్కో ఫోటో తీయండి. ఫ్లాష్ లేపి కొట్టండి. కార్డు తీసి పెట్టి చూడండి. రబ్బరు గ్రిప్ ఉబ్బి ఊడుతోందా? బ్యాటరీ కంపెనీదా, నకిలీదా? బిల్లు మీద సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్న నంబరు ఒకటేనా? బిల్లే లేదంటే ఇంకో కెమెరా వెతుక్కోండి.

9. మన గాలికి కాపాడుకోండి

ఈ సంగతి మామూలుగా కెమెరా పుస్తకాల్లో ఉండదు, మనకు మాత్రం ముఖ్యం. మనది సముద్రానికి దగ్గర ఊరు. గాలిలో తేమ, ఉప్పు. డీ7500కి చెమ్మ, దుమ్ము చొరబడకుండా కొంత సీలింగ్ ఉంది. డీ90కి ఆ భరోసా లేదు. ఏదైనా సరే, ఉప్పాడ బీచ్ రోడ్డు మీద అలల తుంపర్లలో లెన్స్ మార్చకండి. ఇంటికి రాగానే మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీని తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి.

తోలు కవర్లో, బీరువాలో బట్టల మధ్య దాచకండి, ఫంగస్‌కు అంతకంటే సుఖమైన చోటు లేదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, నలభై యాభై శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సిలికా రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడండి. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ఆ పిండి దుమ్ము లోపలికి పోతుంది. అన్నిటికంటే మంచి మందు, వారానికి ఒక్కసారైనా కెమెరా బయటికి తీసి వాడటం.

ఇక మీరు ఏం చేయాలి?

మీరు ఉప్పాడ చీరలు ఫోన్‌లో అమ్ముకునే అమ్మాయి అనుకోండి. అన్నయ్య పాత కెమెరా ఇంట్లో ఉంది. ట్రైపాడ్, తెల్ల కాగితం, కిటికీ వెలుతురు చాలు. ఒక్క రూపాయి బాడీ మీద పెట్టకండి.

మీరు రిటైరైన మాస్టారు, కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నిలబడి లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకే క్షణం కోసం చూస్తున్నారు. మీకు కొత్త బాడీ కావాలి. యాభై ఒక్క పాయింట్లు, ఎనిమిది ఫ్రేములు, క్రాప్ చేసుకునే వీలు, మూడూ మీ పనికొస్తాయి. ముందు 70-300 లాంటి లెన్స్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అదే మొదటి ఖర్చు.

మీరు ఫంక్షన్లు తీసి బతకాలనుకునే కుర్రాడు. ఈ సీజన్‌కు 35 ఎఫ్/1.8, ఒక మంచి ఫ్లాష్ తీసుకోండి. పాత బాడీతోనే తీయండి. వచ్చిన డబ్బుల్లో సగం విడిగా దాయండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ రద్దీలో పని చేయాలంటే చేతిలో ఉన్న కెమెరా బటన్లు చీకట్లో కూడా తెలియాలి, కాబట్టి బాడీ మార్చేది ఉంటే చివరి వారం దాకా ఆగకుండా ఆరు నెలల ముందే మార్చుకోండి.

కొత్తది కొన్నాక పాతదాన్ని మాత్రం వచ్చినకాడికి అమ్మేయకండి. పాత బాడీకి ఇవాళ పలికే ధర చాలా తక్కువ, అది మీకు చేసే సాయం ఎక్కువ. దానికి 35 తగిలించి, బ్యాటరీ నింపి, కార్డు పెట్టి, రెండో భుజాన వేసుకోండి. ముహూర్తం మళ్ళీ జరగదు, ఒక్క కెమెరాతో పెళ్ళికి వెళ్ళకండి.